పాత షెవ్రొలే ఫోర్‌వీల్ ట్రక్కులో గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు మార్చుకునే విధానం

1973 నుంచి 1987 వరకు జనరల్ మోటార్స్ తయారు చేసిన షెవ్రొలే, జీఎంసీ కె-సిరీస్ ఫోర్‌వీల్ పికప్పులు అమెరికా రోడ్ల మీద ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిలో 1970ల నాటి బళ్లు చాలావాటికి టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్సు, దాని వెనక ఎన్‌పీ 203 ట్రాన్స్‌ఫర్ కేసు కంపెనీ నుంచే వచ్చాయి. ఆ రెండింటినీ దింపేసి, అదే తరానికి చెందిన మరో ట్రక్కు నుంచి ఎస్ఎం 465 నాలుగు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్సును, ఎన్‌పీ 205 ట్రాన్స్‌ఫర్ కేసును తెచ్చి బిగించే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. టెక్సస్‌లో నా సొంత ట్రక్కుకు ఈ పనిని ఇంటి షెడ్డులోనే చేసుకున్నాను. ఇందులో కండబలం కన్నా కొలత ముఖ్యమని, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, వాటి మధ్య ఉండే అడాప్టరు ఈ మూడింటినీ ఒకే బండి నుంచి జోడీ విడదీయకుండా తెచ్చుకుంటే కష్టాల్లో చాలా భాగం అసలు ఎదురే కావని ఆ పని చేస్తున్నప్పుడే తెలుసుకున్నాను.

ట్రాన్స్‌ఫర్ కేసు అంటే ఏమిటని అడిగేవారికి ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో పాత మహీంద్రా జీపు నడిపినవారికి పెద్ద గేరు రాడ్డు పక్కనే ఉండే చిన్న రాడ్లు గుర్తుండే ఉంటాయి. ఆ రాడ్లు కదిపేది ట్రాన్స్‌ఫర్ కేసునే. గేర్‌బాక్సు నుంచి వచ్చిన తిప్పుడు శక్తిని వెనక హౌసింగుకు, ముందు హౌసింగుకు (హౌసింగు అంటే చక్రాలను తిప్పే గేర్లుండే ఇరుసు పెట్టె) పంచిపెట్టడం, అవసరమైనప్పుడు వేగాన్ని తగ్గించి లాగుడును పెంచడం దాని పని.

ఇంత శ్రమ ఎందుకన్నది అంకెలే చెబుతాయి. టర్బో 350లో మొదటి గేరు నిష్పత్తి 2.52, ఎన్‌పీ 203 లో-రేంజి, అంటే వేగం తగ్గించే స్థానం, 2.01. హౌసింగులో 3.73 నిష్పత్తి క్రౌన్ గేరు ఉందనుకుంటే, మొత్తం తగ్గింపు సుమారు 19 రెట్లు అవుతుంది. ఎస్ఎం 465 మొదటి గేరు 6.55, ఎన్‌పీ 205 లో-రేంజి 1.96. అదే హౌసింగుతో ఈ జంట దాదాపు 48 రెట్లు తగ్గిస్తుంది. ఆటోమేటిక్‌లో ఉండే టార్క్ కన్వర్టరు బండి కదిలే క్షణంలో లాగుడును రమారమి రెట్టింపు చేస్తుంది కాబట్టి ఎక్కేటప్పుడు ఈ తేడా కొంత తగ్గుతుంది. రాళ్ల దారిలో దిగేటప్పుడు మాత్రం బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజను పట్టు మీదే బండిని మెల్లగా దింపుకోగలగడం మాన్యువల్ జంటతోనే బాగా సాధ్యమవుతుంది. పైగా ఎన్‌పీ 203లో చైను ఉంటుంది, ఎన్‌పీ 205లో పూర్తిగా గేర్లే ఉంటాయి, దాని ఒళ్లు పోత ఇనుము. ఇవన్నీ నిజమే అయినా, మీ ట్రక్కు రోజూ హైవే మీద తిరిగేదైతే ఈ మార్పును నేను సిఫారసు చేయను. రెండు గేర్‌బాక్సుల్లోనూ టాప్ గేరు 1.00 కాబట్టి హైవేలో ఇంజను తిరిగే వేగం ఏమాత్రం తగ్గదు. అలాంటి బండికి ఐదో గేరు ఓవర్‌డ్రైవ్‌గా ఉన్న ఎన్‌వీ 4500 లాంటి గేర్‌బాక్సును వెతుక్కోవడం మేలు.

కొనే ముందు చూడవలసినవి

మొదట చూడవలసింది ముందు హౌసింగు ఏ వైపున ఉందన్నది. 1973–87 కె-సిరీస్ ట్రక్కుల్లో ముందు డిఫరెన్షియల్ ప్రయాణికుడి వైపు, అంటే అమెరికా బళ్లలో కుడివైపు ఉంటుంది. కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకు వచ్చే షాఫ్టు కూడా కుడివైపే దిగాలి. 1988లో వచ్చిన కొత్త తరం షెవ్రొలే పికప్పుల్లో అది డ్రైవరు వైపుకు మారింది. 1980ల ఫోర్డ్ ఎఫ్-150, ఎఫ్-250 ట్రక్కుల్లో కూడా అది డ్రైవరు వైపే. కేసు మీద ఎన్‌పీ 205 అని రాసి ఉన్నంత మాత్రాన అది మీ బండికి సరిపోతుందని అనుకోకూడదు. ఫోర్డ్‌కు చేసిన 205 వేరు, షెవ్రొలేకు చేసిన 205 వేరు.

రెండోది స్ప్లైన్ల లెక్క. గేర్‌బాక్సు వెనక షాఫ్టు మీద ఉండే పళ్లు, ట్రాన్స్‌ఫర్ కేసు ముందు గేరులోని గాడులు ఒకే సంఖ్యలో ఉంటేనే ఒకదానిలో ఒకటి దిగుతాయి. టర్బో 350కి 27 స్ప్లైన్లు, టర్బో 400కి 32, 1970ల ఫోర్‌వీల్ ఎస్ఎం 465కు 10 లావైన స్ప్లైన్లు ఉంటాయి. 1980ల్లో అల్యూమినియం ఒంటి ఎన్‌పీ 208తో జోడించిన ఎస్ఎం 465లకు 32 వచ్చాయి. కేసు ముందు ముఖం మీద బోల్టుల అమరిక కూడా గుండ్రంగా ఒకటి, ఎనిమిది అంకె ఆకారంలో మరొకటి ఉంటుంది. ఒక చోట గేర్‌బాక్సు చవగ్గా దొరికిందని, మరో చోట కేసు చవగ్గా దొరికిందని విడివిడిగా కొన్నవారు ఆ మిగిలిన డబ్బును అడాప్టరు మీద, ఇన్‌పుట్ గేరు మీద ఖర్చు పెట్టడం నేను చూశాను. తుక్కు యార్డులో ఒకే ట్రక్కు కింద రెండూ ఇంకా బిగించి ఉన్న స్థితిలో చూసి, అక్కడే విప్పించుకుని తెచ్చుకోవడం అన్నివిధాలా మంచిది. విప్పించే ముందు స్ప్లైన్లను చేత్తో తడుముతూ లెక్కపెట్టండి. గ్రీజు, మట్టి పట్టి ఉన్న షాఫ్టు మీద కళ్లు మోసపోతాయి.

అదే ట్రక్కు నుంచి తెచ్చుకోవలసిన మిగతా సామాను పెద్దదే. బెల్ హౌసింగు (ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య క్లచ్‌ను కప్పే పెట్టె), ఫ్లైవీలు, క్లచ్ ఫోర్కు, క్లచ్చు బ్రేకు పెడల్ల సెట్టు, పెడలు నుంచి ఫోర్కు దాకా వెళ్లే లింకేజి అంతా, ఎన్‌పీ 205 రాడ్డు, గేర్‌బాక్సు కింద ఉండే క్రాస్‌మెంబరు, దాని రబ్బరు మౌంటు, ముందు వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు, గేరు రాడ్డు పైకి వచ్చే ఎత్తైన ఫ్లోరు ముక్క, వీలైతే స్టీరింగ్ కాలమ్ కూడా తెచ్చుకోవాలి. కాలమ్ దేనికన్న ప్రశ్న సహజమే. ఆటోమేటిక్ కాలమ్‌లో గేరు మీట పార్కులో ఉంటేనే తాళంచెవి బయటికి వస్తుంది. మాన్యువల్ బండిలో ఆ మీటకు పని లేదు, అయినా దాన్ని పార్కులోనే ఉంచి బతకవలసి వస్తుంది. క్లచ్ లింకేజి 1984 వరకు ఇనుప కడ్డీలతో ఉండేది, 1985 నుంచి హైడ్రాలిక్ అయింది. కడ్డీల లింకేజికి ఇంజను బ్లాకు ఎడమ పక్కన బాల్ స్టడ్డు బిగించే మరల రంధ్రం ఉండాలి, కాబట్టి మీ ఇంజనుకు అది ఉందో లేదో ముందే చూసుకోండి. కేసు నుంచి గేర్‌బాక్సుకు సపోర్టు బ్రాకెట్టు ఏదైనా ఉంటే దాన్ని కూడా వదలకండి. పోత ఇనుప కేసు బరువంతా అడాప్టరు చెవుల మీద వేలాడకుండా కాపాడేది అదే.

పాతవి దింపడం

విప్పక ముందే బండి తన బరువు మీద నేల మీద నిలబడి ఉండగా మూడు కొలతలు తీసి కాగితం మీద రాసుకోవాలి. బెల్ హౌసింగు వెనక ముఖం నుంచి వెనక హౌసింగు యోకు (షాఫ్టు క్రాస్ జాయింటు బిగిసే భాగం) దాకా దూరం, అదే ముఖం నుంచి ముందు హౌసింగు యోకు దాకా దూరం, ఇంజను వంపు కోణం. జాకీ మీద లేపాక స్ప్రింగులు వేలాడి ఈ కొలతలన్నీ మారిపోతాయి.

ఇక్కడ నాకు జరిగిన ఒక సంగతి చెప్పాలి. షెడ్డు ముందు కాంక్రీటు నేల రోడ్డు వైపు కొద్దిగా వాలుగా ఉంటుంది. గేరు పార్కులో ఉంది కదా అన్న ధైర్యంతో, హ్యాండ్ బ్రేకు వేయకుండా, చక్రాల వెనక అడ్డు పెట్టకుండా నేను కిందికి దూరి వెనక షాఫ్టు క్రాస్ జాయింటు బోల్టులు విప్పాను. ఆఖరి బోల్టు చేతిలోకి వచ్చిన క్షణంలో షాఫ్టు నా ఛాతీ మీద పడింది, బండి నెమ్మదిగా వెనక్కి కదిలింది. ఎన్‌పీ 203 లోపల డిఫరెన్షియల్ ఉంటుంది. అది లాక్ చేసి లేనప్పుడు ఒక షాఫ్టు ఊడిపోతే ఆ షాఫ్టు వైపే అంతా తిరిగిపోతుంది, పార్కు బండిని పట్టుకోలేదు. నా కుడి చేయి అప్పటికి టైరుకు జానెడు దూరంలో ఉంది. పక్కనే ఉన్న స్నేహితుడు చెక్క దుంగను చక్రం కింద తోసి బండిని ఆపాడు. అందుకే గట్టిగా చెబుతున్నాను: పార్కును నమ్మకండి, నాలుగు చక్రాలకూ రెండు వైపులా అడ్డు పెట్టండి, ఫ్రేమును జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టండి, బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి, ఆ తర్వాతే కిందికి వెళ్లండి. ఒంటరిగా అసలు వెళ్లకండి.

దింపే క్రమం కష్టమైనది కాదు. ఆయిళ్లు దించి, షాఫ్టులు, స్పీడోమీటరు కేబులు, గేరు లింకేజి, రేడియేటరుకు వెళ్లే కూలరు పైపులు విడదీసి, ముందు ట్రాన్స్‌ఫర్ కేసును, తర్వాత కన్వర్టరుతో సహా గేర్‌బాక్సును గేర్‌బాక్సు జాకీ మీద దింపాలి. కన్వర్టరును ఫ్లెక్స్ ప్లేటుకు (ఇంజను వెనక ఉండే పలుచని చక్రానికి) పట్టి ఉంచే మూడు బోల్టులను ముందుగా విప్పడం మరచిపోకండి. టర్బో 350కి ఇంజను మానిఫోల్డు నుంచి ఒక వాక్యూమ్ గొట్టం వస్తుంది. దాన్ని ఊడదీసి అలాగే వదిలేస్తే ఇంజను గాలి పీల్చుకుని ఐడిల్‌లో తడబడుతుంది కాబట్టి మానిఫోల్డు దగ్గరే గట్టి మూత బిగించండి. యాక్సిలరేటరు నుంచి వచ్చే డిటెంట్ కేబుల్ కూడా ఇక పనికిరాదు, తీసేయవచ్చు.

ఇంజను వెనక భాగం

ఈ పనిలో ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు ఇదే. ఫ్లైవీలు మీ ఇంజనుకు సరిపోయేదే కావాలి, డోనర్ ట్రక్కుది, అంటే సామాను తెచ్చుకున్న ట్రక్కుది, అన్న ఒక్క కారణంతో బిగించకూడదు. షెవ్రొలే స్మాల్ బ్లాకు వీ8 ఇంజనులో 1986 నుంచి క్రాంక్ వెనక సీలు ఒకే ముక్కగా మారింది, దానితో పాటు క్రాంక్ మీద ఫ్లైవీలు బోల్టుల వలయం కూడా చిన్నదైంది. అంతకు ముందు ఇంజనుకు తర్వాతి ఫ్లైవీలు పట్టదు. 400, 454 ఘనపు అంగుళాల ఇంజన్లకు బయటి బరువుతో బ్యాలెన్సు చేసిన ఫ్లైవీలు అవసరం. 350 ఇంజను ఫ్లైవీలు వాటికి వేస్తే బండంతా వణుకుతుంది. 168 పళ్ల పెద్ద ఫ్లైవీలుకు బోల్టులు ఏటవాలుగా ఉన్న స్టార్టరు, 153 పళ్ల చిన్నదానికి బోల్టులు సమానంగా ఉన్న స్టార్టరు కావాలి. ఎస్ఎం 465 లాంటి గేర్‌బాక్సుకు, పెద్ద క్లచ్ పడుతుంది కాబట్టి, 168 పళ్లదే వేసుకోండి.

ఆటోమేటిక్ బండిగా పుట్టిన ఇంజనుకు క్రాంక్ చివర పైలట్ బుష్ ఉండదు. గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ముక్కు తిరగడానికి కంచు బుష్ కొత్తది దింపాలి. బుష్‌ను రాత్రంతా ఇంజను ఆయిల్‌లో నానబెట్టి, సరైన సైజు గొట్టంతో నెమ్మదిగా, సమంగా తట్టి దించాలి, ఒక పక్కకు వంగితే ఆపి సరిచేసుకోవాలి. ఇంజను అంతకు ముందే మాన్యువల్ అయి, పాత బుష్ అరిగి ఉంటే దాన్ని తీయడానికి ఒక చక్కని పద్ధతి ఉంది. బుష్ వెనక ఖాళీ నిండేలా గ్రీజు దట్టించి, రంధ్రంలో వదులు లేకుండా దిగే కడ్డీ ఒకటి పెట్టి సుత్తితో కొట్టాలి. గ్రీజుకు పోయే దారి లేక బుష్‌ను వెనక నుంచి బయటికి నెడుతుంది. రెండు మూడు సార్లు గ్రీజు మళ్లీ నింపి కొడితే నునుపుగా వచ్చేస్తుంది.

ఫ్లైవీలు బోల్టులను టార్క్ రెంచితో 60 అడుగు-పౌండ్లకు బిగించాలి. తర్వాత ఫ్లైవీలుకు డయల్ గేజి బిగించి, బెల్ హౌసింగు వెనక పెద్ద రంధ్రం అంచు మీద ముల్లు ఆనించి, ఇంజనును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. గేజి చూపించే మొత్తం తేడా 0.010 అంగుళం లోపల ఉండాలి. దాటితే, మధ్యకు జరిపే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు దొరుకుతాయి, వాటితో సరిచేసుకోవాలి. చాలామంది ఈ పరీక్షను పట్టించుకోరు. కొన్ని నెలలకు గేరు జారిపోవడం, ఇన్‌పుట్ బేరింగు మోత మొదలయ్యాక గేర్‌బాక్సును నిందిస్తారు. ట్రక్కు ఎస్ఎం 465 ముందు బేరింగు రిటైనరు 5.125 అంగుళాల వ్యాసం ఉంటుంది, దానికి అదే రంధ్రం ఉన్న ట్రక్కు బెల్ హౌసింగే కావాలి. కారు బెల్ హౌసింగులో రంధ్రం చిన్నది.

క్లచ్ ప్లేటును అలైన్‌మెంట్ పనిముట్టుతో నడిమికి పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఫ్లైవీలు ముఖం మీద నీలి మచ్చలు ఉంటే మెషిన్ షాపులో సాన పట్టించాకే బిగించాలి. పాత ఇంజన్లలో వెనక సీలు రెండు ముక్కలుగా ఉంటుంది, దాన్ని మార్చాలంటే ఆయిల్ పాన్ దించాలి. అక్కడ కారుతూ ఉంటే ఇప్పుడే మార్చండి, కొత్త క్లచ్ ప్లేటు మీద ఆయిల్ పడితే చేసిన పనంతా మళ్లీ చేయాలి.

ఎక్కించడం

ఎస్ఎం 465 ఒక్కటే 170 పౌండ్లు దాటుతుంది, ఎన్‌పీ 205ది 140 పౌండ్ల ప్రాంతం. లిఫ్టు లేని షెడ్డులో రెండింటినీ కలిపి ఎక్కించాలనుకోకండి. ముందు గేర్‌బాక్సు, తర్వాత అడాప్టరు, చివర ట్రాన్స్‌ఫర్ కేసు. గేర్‌బాక్సు బోల్టుల కొలతే ఉన్న రెండు పొడవాటి బోల్టులు కొని, తలలు కోసి, చివర స్క్రూడ్రైవరు పట్టే గాటు పెట్టుకుంటే గైడు పిన్నులు తయారవుతాయి. వాటిని బెల్ హౌసింగు పై రంధ్రాల్లో బిగించి, వాటి మీదుగా గేర్‌బాక్సును తిన్నగా ముందుకు నెట్టాలి. చివరి అంగుళం దగ్గర ఆగితే, టాప్ గేరులో వేసి వెనక షాఫ్టును చేత్తో కొద్దిగా అటూ ఇటూ తిప్పండి, స్ప్లైన్లు కలిసినప్పుడు మెత్తగా లోపలికి జారుతుంది. అలా జారకపోతే బోల్టులతో లాగి బిగించే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. బోల్టు లాగినప్పుడు పగిలేది గేర్‌బాక్సు చెవి, లేదా వంగేది క్లచ్ ప్లేటు హబ్బు. గేర్‌బాక్సు బరువు ఒక్క క్షణం కూడా క్లచ్ ప్లేటు మీద వేలాడకూడదు.

కేసు ఎక్కించేటప్పుడు అడాప్టరు రెండు ముఖాలూ శుభ్రంగా గీకి, కొత్త ప్యాకింగు, కొత్త ఆయిల్ సీలు వేయాలి. ఈ జోడీలలో ఆయిలు కారే చోటు తొంభై పాళ్లు అదే. క్రాస్‌మెంబరు స్థానం మారుతుంది. కొత్త రంధ్రాలు వేయవలసి వస్తే ఫ్రేము నిలువు గోడలోనే వేయండి, పైన కింద ఉన్న అంచుల్లో వేయకండి, ఫ్రేము బలమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది.

షాఫ్టులు, హబ్బులు, తీగలు

బండిని మళ్లీ చక్రాల మీద నిలబెట్టి, యోకు నుంచి యోకుకు దూరం కొలిచి ముందు రాసుకున్న అంకెలతో పోల్చండి. డోనర్ ట్రక్కు వీల్‌బేసు మీ దానితో సమానమైతే షాఫ్టులు సరిగ్గా సరిపోవచ్చు, లేకపోతే డ్రైవ్‌షాఫ్టు దుకాణంలో కోయించి, బ్యాలెన్సు చేయించాలి. సస్పెన్షన్ పైకి వచ్చినప్పుడు జారే భాగం అడుగుకు తగలకుండా సుమారు ఒక అంగుళం ఖాళీ ఉండాలి. రెండు క్రాసుల వెనక షాఫ్టుకు ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ముఖం, హౌసింగు పినియను (షాఫ్టు తిప్పే చిన్న గేరు) దాదాపు సమాంతరంగా, ఒక డిగ్రీ తేడా లోపల ఉండాలి. షాఫ్టు రెండు చివరల యోకులు ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడండి. తప్పితే సరిగ్గా బ్యాలెన్సు చేసిన షాఫ్టు కూడా 45 మైళ్ల వేగం దగ్గర కొట్టుకుంటుంది.

ఎన్‌పీ 203 ఎల్లప్పుడూ నాలుగు చక్రాలనూ తిప్పేది కాబట్టి, ఆ ట్రక్కుల ముందు చక్రాలకు, వాటిని యాక్సిలు నుంచి విడదీసే లాకింగ్ హబ్బులు ఉండవు. ఎన్‌పీ 205 పార్ట్‌టైమ్. హబ్బులు పెట్టకపోతే రెండు చక్రాల డ్రైవులో ఉన్నా ముందు యాక్సిలు, షాఫ్టు ఊరికే తిరుగుతూ అరుగుతాయి. అందుకని అదే యాక్సిలుకు సరిపోయే మాన్యువల్ లాకింగ్ హబ్బులు కొనండి. 205కు లోపల డిఫరెన్షియల్ లేదు కనుక, ఎండిన తారు రోడ్డు మీద ఫోర్‌వీల్‌లో నడపకూడదన్న నియమం ఇకపై మీకు వర్తిస్తుంది.

విద్యుత్ పని చిన్నదే. తాళం స్విచ్చు నుంచి స్టార్టరుకు వెళ్లే ఊదా రంగు తీగ ఆటోమేటిక్ న్యూట్రల్ స్విచ్చు గుండా వెళ్తుంది, దాన్ని క్లచ్ పెడలు స్విచ్చు గుండా మళ్లించండి. నేరుగా కలిపేసి వదిలేయడం సులువే గానీ, గేరులో ఉన్న బండికి తాళం తిప్పితే అది ఎదుట నిలబడ్డవారి మీదికి దూకుతుంది. రివర్సు లైటు తీగలను గేర్‌బాక్సు మీది స్విచ్చుకు పొడిగించండి.

గేర్‌బాక్సులో జీఎల్-4 తరగతి 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్, ఎన్‌పీ 205లో 80డబ్ల్యూ-90 గేరు ఆయిల్, నింపే రంధ్రం అంచు దాకా పోయాలి. క్లచ్ పెడలుకు ముప్పావు నుంచి ఒక అంగుళం వరకు ఖాళీ ఆట ఉంచి లింకేజి సర్దాలి. నాలుగు చక్రాలూ గాలిలో ఉండగా ఇంజను ఐడిల్‌లో ప్రతి గేరూ, ట్రాన్స్‌ఫర్ కేసు ప్రతి స్థానమూ వేసి చూడండి, స్నేహితుడు కింద దూరం నుంచి గమనిస్తూ చెవి పెట్టి వినాలి. ఎస్ఎం 465 మొదటి గేరుకు సింక్రో (గేరు గీసుకోకుండా పడేలా చేసే అమరిక) లేదు, కాబట్టి మామూలు రోడ్డు మీద రెండో గేరుతోనే బయలుదేరడం అలవాటు చేసుకోండి, మొదటిది గుట్టలకూ బరువులకూ ఉంచుకోండి. స్పీడోమీటరు చూపించే వేగాన్ని ఫోన్ జీపీఎస్‌తో పోల్చి, తేడా ఉంటే ప్లాస్టిక్ గేరు మార్చండి. 100 మైళ్లు నడిపాక అడాప్టరు, క్రాస్‌మెంబరు, షాఫ్టు బోల్టులన్నీ మళ్లీ రెంచి పెట్టి బిగించి, రెండు పెట్టెల్లోనూ ఆయిల్ మట్టం చూసుకోండి. నా బండిలో ఆ రోజు అడాప్టరు కింద ఒక్క చుక్క తడి కనిపించింది. కింది బోల్టు ఒకటి పావు చుట్టు వదులుగా ఉంది, బిగించాక మళ్లీ తడి రాలేదు.